మెట్ల మీద కూర్చున్న మనిషి

లిఫ్టు మళ్ళీ ఆగిపోయింది. పదకొండు గంటలకు పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చేలోగా మూడో అంతస్తులోని ఆడవాళ్ళ వార్డుకు ఉతికిన దుప్పట్లు చేరాలి. కదిరమ్మ దుప్పట్ల బండిని ర్యాంపు మీద నెట్టుకుంటూ ఎక్కుతోంది. ముందు చక్రం మాటిమాటికీ అడ్డం తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా ఆగి, కాలితో దాన్ని సరిచేసి, మళ్ళీ రొమ్ము ఆనించి నెడుతోంది. మెట్ల మీదుగా అయితే మూటలు భుజాన వేసుకుని రెండు విడతల్లో చేరవేయవచ్చు. కానీ పద్నాలుగు నెలలుగా ఆమె ఆ మెట్లు తొక్కలేదు. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెబుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఇంత బరువును ఇంత ఎత్తుకు ఎట్లా నెడుతోందని ఎవరూ ఆరా తీయలేదు.

రెండో మలుపు దగ్గర ఆఫీసు అటెండరు ఎదురొచ్చి, ఉద్యోగుల ఫైళ్ళు చూసే రాజగోపాల్ సారు పిలుస్తున్నాడని చెప్పాడు.

"దుప్పట్లు ఇచ్చేసి వస్తానని చెప్పప్పా."

"ఇప్పుడే రమ్మన్యాడు. ఈ పొద్దు అందర్నీ పిలస్తా ఉండాడు. రేపటి సంగతి."

రేపటి సంగతి అంటే సమ్మె. ఆసుపత్రి గోడల మీద నెల రోజులుగా ఎర్రక్షరాల కాగితాలున్నాయి. దేశమంతటా ప్రభుత్వోద్యోగులు ఒకరోజు పని ఆపి, పాత పెన్షన్ తిరిగి ఇమ్మని అడుగుతారు. బ్యాంకులు, పోస్టాఫీసులు, బస్సులు, ఆసుపత్రులు అన్నీ అందులో ఉన్నాయి. అత్యవసర విభాగాన్నీ కాన్పుల వార్డునూ మాత్రం సంఘం వాళ్ళు మినహాయించారు.

కదిరమ్మ ఈ ఆసుపత్రిలో చేరింది ముప్పై ఏళ్ళ కిందట. బాగేపల్లి దగ్గరి పల్లె నుంచి పెళ్ళి చేసుకుని బెంగళూరు పక్కనున్న హొసకోటె వచ్చి, రోజుకు ముప్పై ఐదు రూపాయల మీద దినకూలి ఆయాగా కుదిరింది. పదమూడేళ్ళు దినకూలిగానే చేశాక, 2008లో పర్మనెంటు చేశారు. ఆ కాగితం చేతికొచ్చినరోజు వార్డంతా మైసూరుపాకు పంచింది. పాత పెన్షన్ అంతకు రెండేళ్ళ ముందే ఆగిపోయిందనీ, ఆ తేదీ తర్వాత పర్మనెంటైన వాళ్ళకు తమ జీతంలోంచి పట్టుకున్న డబ్బు మీద వచ్చేదే పెన్షన్ అనీ ఆనాడు ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మైసూరుపాకు పంచేదేమో. అరవై నిండటానికి ఇంకా పద్దెనిమిదేళ్ళుంది అప్పటికి. ఇప్పుడు ఇరవై రెండు రోజులుంది.

ఆఫీసులో రాజగోపాల్ ఆమెను కూర్చోమన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ గదిలో ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు. ఆమె నిలబడే ఉంది.

"నీ కాగితాలన్నీ రెడీ చేసిండాను కదిరమ్మా. సూపరింటెండెంట్ సహి ఒక్కటే ఉండేది. ఇది చూసి నువ్వు సహి పెట్టు."

"చదివేది రాదు కదా సార్ నాకి. ఏం రాసిండారో చెప్పండి."

"రేపు డ్యూటీకి వస్తాను, సమ్మెలో చేరను. అంతే."

"పెట్టకపోతే?"

రాజగోపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డ మనిషి కాదు. కదిరమ్మ సెలవు చీటీలు ఎన్నోసార్లు ఆయనే రాసిపెట్టాడు. "నేను బెదిరించేది లేదు. ఉండేది చెప్తా ఉండా. రేపు రాకపోతే వివరణ అడగతారు. ఆ ఫైలు తేలేదాకా నీ గ్రాట్యుటీ కదలదు, పెన్షన్ దుడ్డూ కదలదు. ఎన్ని నెలలో చెప్పలేను. సమ్మె గెలిచినా నీకేం వచ్చేది లేదమ్మా. వస్తే నీ వెనకాల ఉండేవాళ్ళకి. ఆలోచన చెయ్."

ఆయన 1998లో చేరినవాడు. ఆయనకు పాత పెన్షనే వస్తుంది. బహుశా అందుకే మాట్లాడుతున్నంతసేపూ ఆమె ముఖంలోకి చూడలేదు.

కదిరమ్మ సంతకం పెట్టింది. క, ది, ర, మ్మ. కన్నడంలో నాలుగు అక్షరాలు. వాటిని మందుల పెట్టెల అట్టల వెనక రాయించి రాయించి నేర్పినది ప్రేమకుమారి.

*

ప్రేమకుమారి కోలారు బంగారు గనుల్లో పనిచేసిన వాళ్ళ పిల్ల. కదిరమ్మ కంటే మూడేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒకే వారం దినకూలీలుగా చేరారు, ఒకే కాగితంతో పర్మనెంటయ్యారు. పాతికేళ్ళకు పైగా మూడో అంతస్తు వార్డులో ముప్పై ఆరు మంచాలకు ఇద్దరూ కలిసే దుప్పట్లు మార్చారు. మంచానికి ఇటు ఒకరు, అటు ఒకరు. కదిరమ్మ విదిలిస్తే ప్రేమకుమారి అవతలి కొసలు అందుకునేది. మంచం మీద రోగి ఉన్నా, కదపకుండా మార్చగలిగేవాళ్ళు. మాటలు అవసరం లేనంత అలవాటు.

ప్రేమకుమారి మూడేళ్ళ కిందట రిటైరయింది. చేతికొచ్చిన నాలుగు లక్షలూ భర్త మూత్రపిండాల జబ్బు ఎనిమిది నెలల్లో తినేసింది. ఆయనా మిగల్లేదు. నెలనెలా వచ్చే పెన్షన్ పదహారు వందల చిల్లర. ఇంటద్దె ఐదువేలు. ఒకరోజు పొద్దున కదిరమ్మ వార్డులోకి వచ్చేసరికి, ఊడ్చే పనిని కాంట్రాక్టుకు తీసుకున్న కంపెనీ ఇచ్చే పచ్చకోటు వేసుకుని ప్రేమకుమారి మంచాల కింద తుడుస్తోంది.

ఆయాలు నీలంచీర వాళ్ళు, ఊడ్చేవాళ్ళు పచ్చకోటు వాళ్ళు. నీలంచీర వాళ్ళు పచ్చకోటు వాళ్ళకు పనులు చెబుతారు. ప్రేమకుమారికి పని చెప్పడానికి కదిరమ్మకు నోరు రాలేదు. పలకరించడానికీ రాలేదు. ఏమని పలకరించాలి? ఆ వచ్చినది ప్రేమకుమారి కాదన్నట్టు, ఎవరో కొత్త మనిషి అన్నట్టు నడుచుకోవడమే తేలికనిపించింది. ప్రేమకుమారి కూడా తల ఎత్తేది కాదు. చూడనట్టు ఉండటం ఇద్దరికీ ఒక మర్యాద అయిపోయింది.

ఒకరోజు బకెట్టు ఒలికి వార్డు మధ్యలో నీళ్ళు నిలిచాయి. నర్సమ్మ జారి పడబోయి, ఎవరు చేశారిది అని అరిచింది. కదిరమ్మ, "కాంట్రాక్టోళ్ళు మేడమ్," అంది. పేరు చెప్పలేదు. ప్రేమకుమారి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. తల ఎత్తి ఒక్కసారి చూసి, మోకాళ్ళ మీద వంగి తుడవడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె కూలి కోశారు.

వారం తర్వాత, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, కదిరమ్మ మందుల చీటీ పట్టుకుని మెట్లు దిగుతోంది. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మలుపులో ప్రేమకుమారి పైమెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన బకెట్టు. తల గోడకు ఆనించి ఉంది. అలసిపోయి కూర్చున్నదనుకుంది కదిరమ్మ. పలకరిస్తే ఆ నీళ్ళ సంగతి మాట్లాడాలి. చీర కుచ్చిళ్ళు కొంచెం పక్కకు లాక్కుని, ఆమెకు తగలకుండా, దిగి వెళ్ళిపోయింది.

ముప్పావు గంట తర్వాత ఎవరో అరిచారు. డాక్టరు చూసి, పోయి గంట దాటిందన్నాడు. గంట అంటే కదిరమ్మ దిగేటప్పటికే పోయిందన్నమాట. ఇంకో డాక్టరు అరగంటే అన్నాడు. అరగంట అయితే అప్పటికి ప్రాణం ఉందన్నమాట. ఆ రెండు మాటల మధ్య కదిరమ్మ పద్నాలుగు నెలలుగా బతుకుతోంది.

ఇప్పటికీ మంచం మీద దుప్పటి విదిలించాక, ఆమె చేతులు ఒక్క క్షణం ఆగుతాయి, అవతలి కొస ఎవరో అందుకుంటారని. ఒక్కోసారి అందుకున్నట్టే దుప్పటి నిటారుగా సాగుతుంది. ఫ్యాను గాలి అని తనకు తాను చెప్పుకుంటుంది. ఫ్యాను లేని మూల మంచాల దగ్గర కూడా సాగుతుంది.

*

ఆ సాయంత్రం ఇంట్లో, సంతకం పెట్టిన సంగతి భర్తకు చెప్పింది. తిమ్మరాయప్ప జిగణిలో గ్రానైటు రాళ్ళు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి ఆరేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాడు. గోడకు రెండు దిండ్లు వేసుకుని కూర్చునే నిద్రపోతాడు. రెండు మాటల మధ్య ఊపిరి కోసం ఆగుతాడు.

"మంచి పని చేసినావు," అన్నాడు. కాసేపాగి, "ఆ దుడ్డు వస్తే ఆక్సిజన్ మిషను ఒగటి తీసుకుందాం అంటివి కదా," అన్నాడు.

"ఊఁ."

"మరి ముఖం యాల అట్ల పెట్టుకోనుండావు?"

కదిరమ్మ కుక్కరు మూత బిగిస్తూ ఉండిపోయింది. ప్రేమకుమారి మెట్ల మీద పోయిందని తిమ్మరాయప్పకు తెలుసు. కదిరమ్మ ఆ మెట్లు దిగిన సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు.

"నేను బతుకులో ఎవురికీ వద్దు అనింది లేదు," అన్నాడు తిమ్మరాయప్ప, తనలో తాను అన్నట్టు. "మాస్కు లేకుండా పని చెయ్యమంటే చేస్తిని. డబుల్ షిఫ్టు అంటే చేస్తిని. మంచోడప్పా అని పేరు." నవ్వబోతే దగ్గొచ్చింది. ఆమె వెళ్ళి వీపు రాసింది. పక్కటెముకలు ఒక్కొక్కటే చేతికి తగిలాయి.

*

మరునాడు బస్సులు లేవు. షేరు ఆటోలో వచ్చి, ఆసుపత్రి ముందు గేటుకు దూరంగానే దిగి, చాకలిరేవు వైపున్న వెనక గేటుకు నడిచింది. ముందు గేటు దగ్గర నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. అందులో ఫర్హానా గొంతు గుర్తుపట్టింది. హిందూపురం పిల్ల, స్టాఫ్ నర్సు, సంఘం కార్యదర్శి. మొన్న వార్డుకు వచ్చి, "నువ్వొస్తావు కదక్కా," అని అడిగితే, కదిరమ్మ "చూస్తాను" అని తప్పించుకుంది.

లోపల ఆసుపత్రి ఆసుపత్రిలా లేదు. లిఫ్టు నడిపే మనిషి లేడు. బట్టలుతికేవాళ్ళు రాలేదు గనక మాసిన దుప్పట్ల బండ్లు ర్యాంపు పొడవునా ఒకదాని వెనక ఒకటి ఆపేశారు. మనిషి దూరే సందు లేదు. మూడో అంతస్తుకు మిగిలింది మెట్ల దారే.

కదిరమ్మ మొదటి మెట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. చివరికి కొంగు నడుముకు దోపుకుని, తల వంచుకుని, మెట్లను చూడకుండా తన పాదాలనే చూసుకుంటూ ఎక్కింది. మలుపు దగ్గర గోడ వైపు చూడలేదు. వార్డు చేరేసరికి జాకెట్టు తడిసిపోయింది.

వార్డులో పచ్చకోట్ల వాళ్ళు ఎనిమిది మంది. ఆ ఒక్కరోజుకు రెట్టింపు కూలికి తెచ్చినవాళ్ళు. వాళ్ళను తెచ్చిన కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజర్ హేమంత్‌కుమార్ ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, అనంతపురం నుంచి వచ్చి మహదేవపురలో ఉంటాడు. ఎవరితోనైనా మెత్తగా మాట్లాడతాడు.

"అమ్మా, పర్మనెంట్ స్టాఫ్‌లో ఇవాళ ఈ ఫ్లోర్‌కి మీరొక్కరే. మావాళ్ళకి కొంచెం పని చూపించండి. ఈ లిస్టులో టైము ప్రకారం టిక్ పెట్టండి చాలు. సాయంత్రం మీ సంతకంతో ఆఫీసుకి పంపిస్తా."

వచ్చినవాళ్ళలో ఒకామెకు అరవై ఐదు దాటి ఉంటాయి. పేరు నాగలక్ష్మి. కోటు భుజాల మీద నుంచి జారిపోతోంది. హొసకోటె దగ్గర అంగనవాడీలో ఇరవై ఆరేళ్ళు పిల్లలకు వండిపెట్టి, వయసైందని పంపేశాక ఇట్లాంటి పనులకు వస్తోందట.

"పించను వస్తాదా అక్కా?" అని అడిగింది కదిరమ్మ.

"అంగనవాడీ ఆయాకి పించను యాడిదమ్మా. మా ఊర్లో వాళ్ళు నన్ను సర్కారు మనిసి అనేవాళ్ళు," అని నాగలక్ష్మి బకెట్టు ఎత్తింది.

మధ్యాహ్నందాకా కదిరమ్మకు ఊపిరి సలపలేదు. కొత్తవాళ్ళకు ఏది ఎక్కడుందో తెలియదు. పదిహేడో మంచం మీది ముసలావిడను పక్కకు తిప్పుతూ పడేయబోయారు. కదిరమ్మ ఒక్కతే ముప్పై ఆరు మంచాల మధ్య పరుగెత్తింది. రెండు గంటలకు, కిందనుంచి సెలైన్ సీసాలు తెమ్మంటే, మళ్ళీ మెట్ల వైపు నడవాల్సి వచ్చింది.

మలుపులో పచ్చకోటు మనిషి కూర్చుని ఉంది. పక్కన బకెట్టు. తల గోడకు ఆనించి ఉంది.

కదిరమ్మ కాళ్ళు పైమెట్టు మీదే నిలిచిపోయాయి. వెనక్కి తిరిగి పోవాలనిపించింది. చీర కుచ్చిళ్ళు పక్కకు లాక్కోవడానికి చెయ్యి దానంతట అదే కదిలింది. ఆ కదలికను చూసుకుని ఆమె చేతిని వెనక్కి తీసుకుంది.

"ప్రేమక్కా," అంది.

మనిషి కదల్లేదు. కదిరమ్మ ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగింది. వంగి భుజం మీద చెయ్యి వేసింది. కోటు కింద ఎముక వెచ్చగా తగిలింది.

నాగలక్ష్మి కళ్ళు తెరిచింది. "ఎవురు?" అంది. తర్వాత కంగారుగా, "లేస్తా ఉండానమ్మా, లేస్తా ఉండా. కండ్లు తిరిగితే రొంత కూర్చుంటిని," అంది.

"లేవద్దు. కూర్చో." కదిరమ్మ కూడా ఆ మెట్టు మీదే కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. నాగలక్ష్మి ఆమె ముఖం చూసి, తన కొంగుతో ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

కింద నుంచి హేమంత్‌కుమార్ వచ్చాడు. చూసి ఆగాడు. "ఏమైందమ్మా? పైన వెయిట్ చేస్తున్నారు." నాగలక్ష్మి లేవబోయింది. కదిరమ్మ ఆమె భుజం నొక్కి ఉంచింది.

"ఈయమ్మకి కండ్లు తిరగతా ఉండాయి. డాక్టరుకి చూపియ్యల్ల."

"చూపించండి, తప్పులేదు. కానీ నేను కూడా కంపెనీకి చెప్పుకోవాలి కదా. లిస్టులో ఈమెకి హాఫ్ డే గడిలో టిక్ పెట్టేయండి."

లిస్టు కదిరమ్మ నడుములో దోపుకుని ఉంది. పెన్ను హేమంత్‌కుమార్ జేబులోంచి తీసి అందించాడు.

"పెట్టను," అంది కదిరమ్మ.

అతనికి అర్థం కాలేదు. ఆమెకూ పూర్తిగా అర్థం కాలేదు, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో. "పొద్దున ఆరు గంటల నుంచి చేసిండాది. నేను చూసినాను. అర్ధానికి టిక్ పెట్టను. ఈ కాగితం మీద నేనేమీ పెట్టను." లిస్టు తీసి అతని చేతిలో పెట్టి, నాగలక్ష్మి చంకకింద చెయ్యి వేసి లేపింది.

అత్యవసర విభాగంలో నల్లబ్యాడ్జీ పెట్టుకుని పనిచేస్తున్న డాక్టరమ్మ చూసి, రక్తపోటు బాగా పడిపోయిందని, సెలైన్ ఎక్కించి పడుకోబెట్టింది. ఇంకో గంట ఆ మెట్ల మీదే ఉంటే ఏమయ్యేదో చెప్పలేమంది. కదిరమ్మ ఆ మంచం పక్కన కొంతసేపు నిలబడింది. తర్వాత మూడో అంతస్తుకు వెళ్ళలేదు. ముందు తలుపులోంచి బయటికి నడిచి, ఎండలో గేటు దగ్గరకు పోయింది.

నీలంచీరతో లోపలినుంచి వస్తున్న ఆమెను చూసి నినాదాలు ఆగాయి. ఒకతను, "పని అయిపోయిందా అక్కా, మమ్మల్ని చూసి పోదామని వచ్చినావా," అన్నాడు. ఫర్హానా అతన్ని వారించి, కదిరమ్మను షామియానా నీడలోకి తీసుకుపోయి నీళ్ళిచ్చింది.

కదిరమ్మ నీళ్ళు తాగలేదు. గ్లాసు పట్టుకునే చెప్పింది.

"ప్రేమక్క పోయిన పొద్దు నేను ఆ మెట్లు దిగినాను ఫర్హానా. చూసినాను. పలకరించలేదు. నీళ్ళు ఒలికిన పొద్దు నేనే చెప్తిని కాంట్రాక్టోళ్ళని. ఆ సిగ్గుకి పలకరించలేదు. చీర తగలకుండా దిగి పోతిని."

చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. వినాలనే చెప్పింది. ఇప్పుడు ఎవరైనా ఏదైనా అనాలని, గట్టిగా తిట్టాలని ఆమె ఎదురుచూసింది.

ఫర్హానా చేతిలోని నీళ్ళ సీసా మూత బిగించింది.

"నేనూ ఆ పొద్దు ఆ మెట్లే ఎక్కి వచ్చినానక్కా," అంది. "రెండుంబావుకి. ఆయమ్మ పక్కనుంచే. ఫోన్ చూసుకుంటా ఎక్కినా."

వెనక నిలబడ్డ ల్యాబు మనిషి తల దించుకున్నాడు. ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గంటలో ఆ మెట్లు ఎంతమంది ఎక్కి దిగారో, ఎవరూ లెక్క చెప్పలేదు. నినాదాలు మళ్ళీ మొదలవడానికి చాలాసేపు పట్టింది. మొదలయ్యాక కదిరమ్మ గొంతు కలపలేదు. కానీ సాయంత్రం దాకా అక్కడే నిలబడింది.

*

సమ్మె ఒక్కరోజుతో ముగిసింది. డిమాండ్లు పరిశీలిస్తామని సర్కారు ప్రకటించిందని పేపర్లో వచ్చింది. సమ్మెలో ఉన్నవాళ్ళకు ఒకరోజు జీతం కోసి వదిలారు. కదిరమ్మకు మాత్రం వేరుగా నోటీసు వచ్చింది. పనికి వస్తానని సంతకం పెట్టి, రోగులను మధ్యలో వదిలి గేటు దగ్గరకు పోయినందుకు వివరణ ఇవ్వాలి. ఫర్హానా కూర్చుని జవాబు రాసింది. ఆ జవాబు పైకి పోయింది. ఎక్కడిదాకా పోయిందో తెలియదు.

నెలాఖరున ఆమెకు శాలువా కప్పి, ఒక గోడ గడియారం ఇచ్చారు. కాగితాలు ఇవ్వలేదు.

ఒకటో తేదీ నుంచి కదిరమ్మ రోజూ తొమ్మిదింటికి ఆసుపత్రికి వచ్చి, ఆఫీసు ఎదుటి బెంచీ మీద కూర్చుంటోంది. రాజగోపాల్ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆమెను చూసి ఆగుతాడు. "ఇంకా రాలేదమ్మా, వస్తే నేనే ఫోన్ చేస్తాను," అంటాడు. "సరే సార్," అని ఆమె కూర్చునే ఉంటుంది. ఇంట్లో తిమ్మరాయప్ప మందులు సగం మోతాదుకు తగ్గించుకుని, ఆ సంగతి ఆమెకు తెలియదనుకుంటున్నాడు. పోవద్దని మాత్రం ఒక్కసారీ అనలేదు. "నువ్వు పో. నేను తలుపు తెరుచుకోని కూర్చుంటా," అంటాడు.

నాలుగో తేదీ మధ్యాహ్నం హేమంత్‌కుమార్ వచ్చి, ఆమె పక్కన మర్యాదగా కూర్చున్నాడు. మెట్ల మీద జరిగినదాని గురించి ఏమీ మనసులో పెట్టుకోలేదని చెప్పాడు. నిజంగానే పెట్టుకోలేదు.

"మీకు వార్డు తెలుసు, పేషెంట్లు తెలుసు. మీలాంటివాళ్ళు మాకు దొరకరు. నెలకి పన్నెండు వేల ఐదొందలు. మీ పేపర్స్ వచ్చేంతవరకే అనుకోండి. రేపటినుంచి వచ్చేయండి."

పన్నెండు వేల ఐదువందలు. ఇంటద్దె ఆరువేలు పోను మిగిలినదానితో మందులు పూర్తి మోతాదులో వస్తాయి. కదిరమ్మ ఆ లెక్క వెయ్యకుండా ఉండలేకపోయింది. వేశాక చెప్పింది.

"వద్దప్పా."

"ఎందుకమ్మా?"

"నాకి రావాల్సింది ఆ ఆఫీసులో ఉండాది. దానికోసం కూర్చోనుండాను."

హేమంత్‌కుమార్ లేచాడు. కోపం లేదు. ఆమెను చూసి జాలిపడినట్టే ఉంది.

"తొందరేం లేదు. ఆలోచించుకోండి. మొదటిరోజు అందరూ వద్దనే అంటారమ్మా. ప్రేమకుమారిగారు కూడా అన్నారు, భర్త పోయాక పెన్షన్ సంగతి అడగడానికొచ్చి కూర్చున్నప్పుడు. ఇదిగో, ఈ బెంచీ మీదే. తొమ్మిదో రోజు ఆవిడే ఫోన్ చేశారు."

అతను వెళ్ళిపోయాడు. కదిరమ్మ బెంచీ మీద తన పక్కనున్న ఖాళీ జాగాను చూసింది. ప్రేమకుమారి వద్దన్నదని ఆమెకు ఎప్పుడూ తెలియదు. ఎనిమిది రోజులు ఆ మాట మీద నిలబడిందనీ తెలియదు. ఆ ఎనిమిది రోజులూ తను పై అంతస్తులోనే ఉంది, దుప్పట్లు మారుస్తూ.

భోజనాల వేళ ఫర్హానా, ఇంకో ఇద్దరు నీలంచీర ఆయాలు కిందికి వచ్చి, ఆమెకు అటూ ఇటూ కూర్చుని డబ్బాలు విప్పారు. ఒకామె రాగిసంగటి ముద్ద సగం చేసి ఆమె చేతిలో పెట్టింది. కదిరమ్మ దాన్ని పట్టుకుని ఉండిపోయింది.

"ఫర్హానా," అంది. "ఈ పొద్దు నుంచి లెక్కేస్తే తొమ్మిదో దినం ఎప్పుడొస్తాది?"

ఫర్హానా వేళ్ళు మడిచి చూసింది. "పన్నెండో తేదీ. యాలక్కా?"

"ఆ పొద్దు మీరంతా ఈడ ఉండల్ల."

"రోజూ వస్తా ఉండాం కదక్కా."

"భోజనానికి కాదు. పొద్దున్నించి ఉండల్ల." కదిరమ్మ గొంతు మామూలుగానే ఉంది. ముద్దను డబ్బా మూతలో పెట్టేసింది. "నేను ఆ పిల్లోడికి ఫోన్ చేస్తాను. చెయ్యకుండా చూడండి. నన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టద్దండి."